మంచినీళ్ల నిమిషం

బెజవాడ షేర్ల ఎక్స్ఛేంజీలో భూషణం చెయ్యెత్తాడంటే హాలు హాలంతా ఊపిరి బిగబట్టేది. ఆ చెయ్యి పూర్తిగా లేస్తే కొన్నట్టు. సగంలో ఆగి, చెవి గోక్కున్నట్టు చేసి కిందికి దిగిందంటే మాత్రం అప్పటికే ఆ షేరు కొన్నవాళ్ల ముఖాలు మాడిపోయేవి. భూషణం ఆగాడంటే అందులో ఏదో తిరకాసు ఉన్నట్టే. ముప్ఫయ్యారేళ్లుగా ఆయన గొప్పతనం కొనడంలో లేదు, కొనబోయి ఆగడంలో ఉంది. ఈ సంగతి హాల్లో అందరికీ తెలుసు. ఆయన చేతిని కొలిచి, గీతలుగా గీసి, మిషనులోకి ఎక్కించిన మేనకోడలు హైమావతికి మాత్రం ఆలస్యంగా తెలిసింది. చదువుకున్నవాళ్లకి కొన్ని విషయాలు అలాగే తెలుస్తాయి, ఏం చేస్తాం!

ఎక్స్ఛేంజీ గవర్నరుపేటలో ఒక పాత పొగాకు గోడౌను పైఅంతస్తులో ఉండేది. నలభై ఇద్దరు బ్రోకర్లు, గోడంత నల్లబల్ల, సుద్దముక్కతో రేట్లు రాసే గుమాస్తా, ఇక కేకలు. పదిన్నరకి గంట కొట్టింది మొదలు ఆ కేకలు వీధి చివర సోడా తాగేవాళ్లకి కూడా వినపడేవి. ఊరికి కొత్తవాళ్లు పైన ఎవరో కొట్టుకుంటున్నారనుకునేవారు. అంత గోలలోనూ ఒక్క సైగకి మాత్రం అందరూ టక్కున ఆగిపోయేవారు. పిడికిలి మూసి, బొటనవేలు నోటివైపు తిప్పి, ఎవరైనా చెయ్యి పైకెత్తితే అది మంచినీళ్ల సైగ. ఇక ఎవరూ కొనకూడదు, అమ్మకూడదు. హాల్లో నీళ్లు పోసే నాగరత్తమ్మ ఇత్తడి బిందె చంకనెత్తుకుని వచ్చి, వరసగా నలభై రెండు గ్లాసులూ నింపేది. ఆఖరి గ్లాసు నిండేదాకా ఎవరూ పెదవి తడుపుకోకూడదు. ఈలోపు, తానాడిన ఆఖరి బేరం తొందరపాటు అనిపించినవాడు దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. ఎందుకని అవతలివాడు అడగకూడదు. దాన్ని మంచినీళ్ల నిమిషం అనేవారు. పేరుకే నిమిషం. నాగరత్తమ్మ మోకాళ్ల నొప్పిని బట్టి అది ఐదు నిమిషాలైనా పట్టేది.

పొగాకు వేలంపాటలు జరిగే రోజుల్లో ఎండదెబ్బకి ఎవరో పడిపోతే ఈ ఆచారం మొదలైందని భూషణం చెప్పేవాడు. నిజమో కాదో ఎవరికీ తెలియదు, ఎవరూ తీసెయ్యలేదు కూడా.

ఇలా ఉండగా బొంబాయిలో కంప్యూటర్ల మార్కెట్టు వచ్చింది. మేడ మీద పళ్లెం లాంటి యాంటెనా ఒకటి బిగించుకుంటే చాలు, ఏ ఊళ్లో కూర్చుని అయినా తెర మీద కొనొచ్చు, అమ్మొచ్చు. కేకల్లేవు, సుద్దముక్కల్లేవు. ఏడాది తిరిగేసరికి చుట్టుపక్కల చిన్న ఎక్స్ఛేంజీలు ఒక్కొక్కటే తలుపులు మూసుకోవడం మొదలుపెట్టాయి. బెజవాడ ఎక్స్ఛేంజీ ప్రెసిడెంటు శేషావతారం మాత్రం మూసే రకం కాదు. ఆయనకి ఓడిపోవడం చేతకాదు, అదొక జబ్బు. భూషణం మేనకోడలు గుంటూరులో చేతులు పోయినవాళ్లకి కృత్రిమ హస్తాలు తయారుచేసే ప్రయోగశాలలో పనిచేస్తోందని విని, కబురు పెట్టి పిలిపించాడు.

హైమావతి వస్తూ వస్తూ సంచిలో ఒక కడియం తెచ్చింది. రాగిరేకుతో చేసింది, లోపలివైపు చిన్న చిన్న బొడిపెలు, దాన్నుంచి ఒక తీగ, తీగ చివర చిన్న బల్బు. దాన్ని శేషావతారం ముంజేతికి తొడిగి, బల్ల మీద బెల్లు చూపించింది.

"మీకు ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు కొట్టండి."

ఆయన కొట్టాడు. బెల్లు మోగేలోపే బల్బు వెలిగింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ అంతే. ఈసారి ఆ పిల్లని ఏడిపిద్దామని, కొట్టబోయి, మనసు మార్చుకుని, చెయ్యి కదపకుండా కూర్చున్నాడు. బల్బు వెలిగింది.

"నేను కొట్టలేదే!"

"కొడదామనుకున్నారుగా?"

"అనుకున్నా అనుకో."

"అనుకోగానే కండరంలో సన్నగా కరెంటు పుడుతుందండీ. వేలు ఆ తర్వాత కదులుతుంది. వేలు లేనివాళ్లకి కూడా ఆ కరెంటు ఉంటుంది. ఈ కడియం దాన్ని పట్టుకుంటుంది, అంతే."

శేషావతారం కుర్చీలోంచి లేచి గది అంతా ఒక చుట్టు తిరిగాడు. "బొంబాయి వాళ్లు మీట నొక్కితే బేరం. మనవాళ్లు నొక్కుదామనుకుంటే బేరం! వాళ్ల దగ్గర తీగలున్నాయి, మన దగ్గర మనుషులున్నారు. అమ్మాయ్, ఈ పని నువ్వు చేసిపెట్టాలి."

హైమావతికి అప్పుడు ముప్ఫయ్యొక్కేళ్లు. పొగడ్తకి పొంగిపోయే మనిషి కాదు గానీ, మావయ్య ఎక్స్ఛేంజీ మూతపడుతుందంటే ఊరుకోలేకపోయింది. నాలుగేళ్ల పిల్లగా ఉన్నప్పుడు తల్లీతండ్రీ ఒకే వారంలో విషజ్వరంతో పోతే ఆమెని చంకనేసుకొచ్చి పెంచింది మావయ్యే. ఆ హాల్లోనే కిటికీ అరుగు మీద కూర్చుని అక్షరాలు దిద్దుకుంది. ఒప్పేసుకుంది.

మిషనుకి బేరం నేర్పాలంటే ఎవరిదో ఒకరి చెయ్యి కావాలి. ఎవరి చెయ్యి అని వెతుక్కోవాల్సిన పనే లేకపోయింది. భూషణం తనే చొక్కా చెయ్యి మడిచాడు.

"నాకు గాజులు తొడగాలని చిన్నప్పట్నించీ నీ సరదా కదే అమ్మడూ! కానీయ్."

ఆరు నెలలు పట్టింది. రోజూ పదిన్నర నుంచి రెండింటిదాకా భూషణం కడియంతో హాల్లో నిలబడేవాడు. పక్క గదిలో మిషను ఆయన చేతి గీతలని కాగితపు చుట్ట మీద గీసుకుంటూ పోయేది. మొదటి రెండు నెలలు ఊరికే గీసింది. మూడో నెల నుంచి తనే బేరాలు కుదర్చడం మొదలుపెట్టింది. భూషణం కొందామనుకోగానే కొనేసేది, అమ్ముదామనుకోగానే అమ్మేసేది. కుదిరినట్టు ఆయనకి తెలియడానికి కడియం మణికట్టు మీద సన్నగా చిమచిమలాడించేది. అది హైమావతి ఆలోచనే.

సాయంత్రాలు ఆ కాగితపు చుట్టలు పరుచుకుని ఎర్ర పెన్సిలుతో కూర్చునేది. బేరంతో ముగిసిన గీతలు మిషనుకి పాఠాలు. ముగియనివన్నీ చెత్త, అడ్డంగా గీత కొట్టడమే. లేవబోయి ఆగిన చెయ్యి, చెత్త. చెవి గోక్కున్న చెయ్యి, చెత్త. రోజుకొకటి రెండు చోట్ల, పదకొండింటి ప్రాంతంలో, బొటనవేలు వంగిన గుర్తు, ఆ తర్వాత ఐదు నిమిషాలు పెద్ద కదలికేమీ లేని గీత. అది మంచినీళ్ల నిమిషం. అందులో బేరమే లేదు కదా అని దాన్ని కూడా కొట్టేసేది.

ఐదో నెలలో మరో ఐదుగురికి కడియాలు తొడిగారు. ఆ పూట మిషను కుదిర్చిన బేరాలు నల్లబల్ల మీద రాయడానికి గుమాస్తాకి చీకటిపడేదాకా పట్టింది. శేషావతారం ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పించి అందరి నోళ్లూ తీపి చేశాడు. నలభై రెండు కడియాలకి ఆర్డరిచ్చేశాడు. జ్యేష్ఠమాసం చివర్లో ముహూర్తం, మంత్రిగారి రాక, పత్రికల వాళ్లకి పిలుపులు, అన్నీ ఖాయం చేసేశాడు.

ముహూర్తం ఇంకో పదకొండు రోజులుందనగా, ఒక ఆదివారం మధ్యాహ్నం మొగల్రాజపురంలో భూషణం ఇంట్లో భోజనాలవుతున్నాయి. మాణిక్యాంబత్తయ్య దోసకాయ పప్పు వడ్డిస్తూ, పక్కింటివాళ్ల మనవడికి బారసాల అని చెబుతోంది. భూషణం ముద్ద కలుపుతూ, మామూలు గొంతుతో, ఉప్పు అందుకోమన్నంత మామూలుగా అన్నాడు:

"హైమని తెచ్చుకోబట్టి మనకి పిల్లలు వద్దనుకున్నాం. తప్పు చేశామేమోనని నాకు చాలాసార్లు అనిపించింది."

మాణిక్యాంబ చేతిలో గరిటె ఆగిపోయింది. హైమావతి తలెత్తి చూసింది. ఆ ఇద్దరికంటే ఎక్కువ అదిరిపోయింది భూషణమే. ఎంగిలి చేత్తోనే నోరు మూసుకున్నాడు.

"ఏంటండీ ఆ మాటలు? పిల్ల ముందర!" అంది మాణిక్యాంబ.

"అది... అది నేను అనుకున్నది కాదే మాణిక్యం. అనుకోబోయింది." ఆయన హైమావతి వైపు తిరిగాడు. "అమ్మడూ, నీ మీద ఒట్టు. ఎప్పుడో పదేళ్లకోసారి మనసులో అలా మెదుల్తుంది, వెంటనే ఛీ అనుకుంటాను. మెదిలేదీ, ఛీ అనుకునేదీ రెండూ నేనే కదా! ఇవాళ ఛీ అనుకునేవాడు రాలేదు."

హైమావతికి ఏడుపు ముంచుకొచ్చింది, బాధతో కొంత, భయంతో కొంత. "ఫర్వాలేదు మావయ్యా, తిను" అంది. ఎవరూ తినలేదు.

మర్నాడు ఉదయం ఎక్స్ఛేంజీకి పోతూ మామా మేనకోడలూ ఏలూరు రోడ్డు దాటడానికి నిలబడ్డారు. ఎదురుగా ఆర్టీసీ బస్సు వస్తోంది. భూషణం మామూలుగా అడుగేసి రోడ్డు మీదికి దిగిపోయాడు. హైమావతి చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. బస్సు హారను కొట్టుకుంటూ ఆయన బొజ్జని రాసుకుంటూ పోయింది. డ్రైవరు వెనక్కి తిరిగి మరీ తిట్టాడు.

"ఏంటి మావయ్యా! బస్సు కనపళ్లేదా?"

"కనపడిందే." ఆయన పోతున్న బస్సుకేసి చూశాడు. "దాటాలనుకున్నా. దాటేస్తున్నా. అనుకోడానికీ దాటడానికీ మధ్య ఇదివరకు ఏదో ఉండేదమ్మడూ. ఇప్పుడది లేదు."

హైమావతి ఆయన్ని ఇంట్లో దింపి, కడియం ఊడదీసి, నేరుగా ఎక్స్ఛేంజీకి వచ్చింది. ముందు ఆ ఐదుగురు బ్రోకర్లనీ కూర్చోబెట్టి ఒక్కొక్కరినే అడిగింది. మొదట నవ్వేశారు. తర్వాత ఒకాయన, బావమరిది ముచ్చటపడ్డాడని కొత్త స్కూటరు తాళాలు చేతిలో పెట్టేశానని, ఎందుకు పెట్టానో ఇప్పటికీ అర్థం కాలేదని చెప్పాడు. ఇంకొకాయన చెల్లెలితో ఇరవై ఏళ్లుగా దాచుకున్న మాట అనేశాడు. ఆమె గడప తొక్కడం మానేసింది. వాళ్లు నెలరోజులే తొడిగారు. భూషణం ఆరు నెలలు తొడిగాడు.

అటకెక్కించిన కాగితపు చుట్టలన్నీ దింపించింది. ఈసారి ఎర్ర పెన్సిలుతో కొట్టేసిన చోట్లే చూసింది. లేవబోయి ఆగిన ప్రతి గీతలోనూ, మొదటి కరెంటు వెనకాలే రెండో కరెంటు ఉంది. సన్నగా, గట్టిగా, దాని తల మీద చెయ్యేసి ఆపుతున్నట్టు. మంచినీళ్ల నిమిషాల్లో అయితే ఆ రెండోదే నిండా ఉంది. గ్లాసు చేతిలో పెట్టుకుని, దాహం వేస్తున్నా తాగకుండా, ఆఖరి గ్లాసు నిండేదాకా ఆగిన ఐదు నిమిషాలు. ముప్ఫయ్యారేళ్ల సాధన అంతా అక్కడుంది. దాన్నంతా ఆమె చెత్త కింద కొట్టేసింది. మొదటి కరెంటుకే మిషను బేరం కుదిర్చేస్తుంటే రెండోది వచ్చి ఏం లాభం? వచ్చేసరికి పని అయిపోయేది, మణికట్టు చిమచిమలాడేది. వచ్చీ వచ్చీ, ఎవరూ పట్టించుకోకపోతే అది రావడం మానేసింది. మావయ్య చెయ్యి మిషనుకి నేర్పుతోందనుకుంది గానీ, మిషను మావయ్యకి నేర్పుతోందన్న ఆలోచనే ఆమెకి తట్టలేదు.

"నా చేతులతో నేనే చేశాను" అని పైకే అనుకుంది. ఆ కాగితాల మధ్య కూర్చుని కాసేపు ఏడ్చి, ముఖం కడుక్కుని, శేషావతారం గదికి వెళ్లింది. ఏడిస్తే పోయేది కాదు, సరిచేస్తే పోతుంది. అది ఆమె నమ్మకం.

శేషావతారం అంతా విన్నాడు. భూషణం సంగతి విన్నప్పుడు చూపు తిప్పుకున్నాడు. కానీ మంచినీళ్ల నిమిషం మిషనులోకీ ఎక్కించాలి, అందాకా ముహూర్తం వాయిదా అనగానే మీసం నిలబడింది.

"మంత్రిగారు వస్తున్నారు. పత్రికల వాళ్లొస్తున్నారు. ఇప్పుడొచ్చి మార్కెట్టు మధ్యలో మంచినీళ్ల కోసం ఆగాలంటావేంటమ్మాయ్? బొంబాయి వాళ్లు పడీ పడీ నవ్వుతారు!"

"నలభై రెండు ఇళ్లలో మా ఇంట్లో జరిగింది జరుగుతుందండీ."

"అలవాటు పడతారు. రైలొచ్చినప్పుడూ ఇలాగే భయపడ్డారు."

హైమావతి ఇక వాదించలేదు. సంచిలోంచి కడియం తీసింది. ఈసారి తీగకి రెండు బల్బులున్నాయి. తెల్ల కాగితం మీద ఒకదాని కింద 'ప్రారంభం' అనీ, రెండోదాని కింద 'వాయిదా' అనీ రాసి, ఆయన చేతికి కడియం తొడిగి బల్ల మీద పెట్టించింది. "చూపుడు వేలు కదిపితే ప్రారంభం. మధ్య వేలు కదిపితే వాయిదా. మీరేమంటే అదే ఖాయం. ఇక నేను నోరెత్తను."

"ఇంత నాటకం ఎందుకు! ప్రారంభమే!" అని శేషావతారం గది అదిరేలా అన్నాడు, చూపుడు వేలు బల్లకేసి కొట్టాడు.

అప్పటికే 'వాయిదా' బల్బు వెలిగి ఉంది.

శేషావతారం వేలు వెనక్కి తీసుకున్నాడు. "నేను నొక్కలేదు" అన్నాడాయన.

"నొక్కబోయారు."

"ఒక్క క్షణం భూషణం గుర్తొచ్చాడే అమ్మాయ్. బస్సు కిందికి పోబోయాడన్నావుగా, అది కళ్లముందు కదిలింది. అంతమాత్రాన..."

"మీరు పెట్టబోయే మార్కెట్టులో ఆ ఒక్క క్షణం చాలండీ. బేరం అయిపోయింది. మీరు తర్వాత ఎంత అరిచినా అది మీ బేరమే. వెనక్కి తీసుకుంటారా మరి?"

శేషావతారం కడియం ఊడదీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత మెల్లగా పిడికిలి మూసి, బొటనవేలు నోటివైపు తిప్పాడు. గుమ్మంలో నిలబడి అంతా వింటున్న నాగరత్తమ్మ బిందె తేవడానికి వెళ్లింది. నీళ్లు తాగాక ఆయన ఫోనందుకుని, ముహూర్తంలో ఏదో దోషం ఉందని సిద్ధాంతిగారు ఇప్పుడే చెప్పారని, ఆషాఢంలో ఎలాగూ కుదరదు కాబట్టి శ్రావణంలో పెట్టుకుందామని మంత్రిగారి పీయేకి చెప్పాడు. ఆ సాకుకి ఎవరూ కాదనలేదు. మన దేశంలో ఇంజనీరు చెబితే ఆగని పని సిద్ధాంతి చెబితే ఆగుతుంది.

చేతిలో ఉన్నవి నెలన్నర రోజులు. మిషనుని మార్చడం హైమావతికి పెద్ద కష్టం కాలేదు. మొదటి కరెంటు రాగానే తొందరపడకుండా, కనురెప్ప వాల్చేటంత సేపు రెండోదాని కోసం చూడాలి. రెండోది వస్తే బేరం లేదు. బొటనవేలు వంగిన గుర్తు ఎవరి కడియంలో కనపడినా నలభై రెండు తెరలూ ఆగిపోవాలి, ఆఖరి బేరాలు వెనక్కి తీసుకునే వీలుండాలి. ఇక చిమచిమ. అది బేరం కుదిరినప్పుడు కాదు, చెయ్యి ఆగినప్పుడు రావాలి. ఇదంతా మూడు వారాల్లో అయిపోయింది.

అసలు కష్టం వేరే ఉంది. మిషనుకి ఆగడం ఎవరు నేర్పుతారు? పాత చుట్టల్లో గట్టిగా ఆగిన గీతలు మొదటి రెండు మూడు నెలల్లోనే ఉన్నాయి, మిషనుకి అవి చాలవు. నేర్పగలిగిన ఒక్క చెయ్యీ ఆగడం మర్చిపోయింది.

దానికి దారి చూపింది నాగరత్తమ్మ. "బాబుగారిని నా కాడ కూకోబెట్టండమ్మాయిగారూ" అంది. "నీళ్లు తాగడం ఎట్టాగో నే చెప్తా."

పొద్దున్నే ఖాళీ హాల్లో నలభై రెండు గ్లాసులు వరసగా పెట్టేది. మొదటి గ్లాసు నింపి భూషణం చేతికిచ్చేది. మాణిక్యాంబత్తయ్య అంతకుముందే ఆయనకి ఆవకాయన్నం పెట్టి పంపేది, కావాలనే. నాగరత్తమ్మ బిందె పైకెత్తి, సన్నటి ధారగా, తొణక్కుండా, ఒక్కో గ్లాసూ నింపుకుంటూ పోయేది.

మొదటి రోజు రెండో గ్లాసు నిండేలోపే ఆయన గడగడా తాగేశాడు.

"తాగమాకండి బాబుగారూ అంటే ఇనపడదా!"

"తాగాలనుకోలేదే నాగరత్తమ్మా. తాగేశాను." ఆయన చిన్నపిల్లాడిలా తలదించుకున్నాడు.

నాలుగో రోజుకి నాలుగు గ్లాసులదాకా ఆగాడు. పదో రోజున ఏడో గ్లాసు దగ్గర చెయ్యి లేచి, గాలిలో వణికి, మళ్లీ కిందికి దిగింది. మణికట్టు చిమచిమలాడింది. పక్క గదిలో మిషను దగ్గర కూర్చున్న హైమావతి, కాగితం మీద ఆ రెండో గీత వెంట్రుక మందాన లేవడం చూసి కుర్చీలోంచి ఎగిరి గంతేసింది. మర్నాడు మళ్లీ మూడు గ్లాసులకే తాగేశాడు. నాగరత్తమ్మ విసుక్కోలేదు. ముప్ఫై ఏళ్లుగా ఆ హాల్లో అరిచేవాళ్లని ఓర్చుకున్న మనిషికి ఇదొక లెక్కా! ఇరవయ్యో రోజుకి పద్దెనిమిది గ్లాసులు. నలభై రెండు మాత్రం ఒక్కసారి కూడా కాలేదు. ముహూర్తం వచ్చేసింది.

శ్రావణ శుక్రవారం. హాల్లో నల్లబల్ల తీసేసి తెరలు బిగించారు. నలభై ఇద్దరు బ్రోకర్లు కొత్త చొక్కాల్లో, కడియాలతో, పెళ్లిపీటల మీద కూర్చున్నంత బిగుసుకుపోయి కూర్చున్నారు. కాసేపటికి తమ గొంతులు తమకే గుర్తులేనంత నిశ్శబ్దంగా బేరాలు సాగిపోయాయి. పత్రికల వాళ్లు గడియారాలు చూసుకుని తలలు ఊపుకున్నారు. బొంబాయి కంటే వేగమే. శేషావతారం మంత్రిగారి పక్కన మీసం దువ్వుకుంటూ నిలబడ్డాడు.

హైమావతి కళ్లు మాత్రం ఒక్క కాగితపు చుట్ట మీదే ఉన్నాయి. మావయ్య చెయ్యి. వద్దని ఆమె చెప్పింది, మీరు ఇంకా కోలుకోలేదని డాక్టరు చెప్పాడు. ఆయన వినలేదు. "నేర్పినవాడు పరీక్షకి రాకపోతే ఎట్లాగే?" అని కూర్చున్నాడు. రోడ్డు దాటడానికి కూడా పక్కన మనిషి కావాల్సినవాడు మార్కెట్టులో ఏం చేస్తాడోనని ఆమె భయం. ఇక్కడ ఆగలేకపోతే ఆయన ఇక ఎక్కడా ఆగలేడని ఆమెకి తెలుసు.

పదకొండుంపావుకి కింద వీధిలోంచి ఒక మాట మెట్లెక్కి వచ్చింది. కృష్ణశిల సిమెంటు వాళ్ల బట్టీ పేలిందట. హాల్లో సగం మంది దగ్గర ఆ షేర్లే ఉన్నాయి. తల తిప్పి ఒకరినొకరు చూసుకునేలోపే తెర మీద ధర జారిపోవడం మొదలైంది. ఎవరూ మాట్లాడలేదు, ఎవరూ కదల్లేదు, భయమే అమ్మేస్తోంది. ఆపే కరెంటు వెతుక్కునే తీరిక కూడా ఎవరికీ లేదు. ఒక్కొక్కరి ముఖంలో రక్తం ఇంకిపోతోంది.

కాగితం మీద భూషణం గీత ఒక్కసారిగా లేచింది. ఆయన దగ్గర కూడా ఆ షేర్లున్నాయి. హైమావతి "మావయ్యా" అని గొణిగింది, వినపడదని తెలిసీ.

గీత లేస్తూ లేస్తూ వణికింది. దాని వెనకాలే రెండోది లేచింది. వెంట్రుక మందం కాదు, ఆమె కొట్టేసిన పాత చుట్టల్లో ఉన్నంత మందంగా, గట్టిగా. హాల్లో భూషణం చెయ్యి సగంలో ఆగింది. నలభై ఇద్దరూ అలవాటు కొద్దీ ఆ చేతికేసే చూశారు. అది చెవి దగ్గరికి పోలేదు. పిడికిలి మూసుకుంది, బొటనవేలు నోటివైపు తిరిగింది, చెయ్యి నిటారుగా పైకి లేచింది.

తెరలన్నీ ఆగిపోయాయి. అన్నింటి మీదా ఒకే మాట: మంచినీళ్లు.

"కరెంటు పోయిందా?" అన్నారు మంత్రిగారు.

"లేదండీ, మార్కెట్టుకి దాహం వేసింది" అన్నాడు శేషావతారం, అక్కడికి ఆ ఏర్పాటంతా తన బుర్రలోంచే పుట్టినట్టు. "బొంబాయిలో ఉందేమో కనుక్కోండి ఈ సౌకర్యం!"

నాగరత్తమ్మ బిందెతో వచ్చింది. ఆ రోజు ఆమె మోకాళ్లు మరీ మొరాయించాయో, లేక కావాలనే నెమ్మదిగా నడిచిందో, ఆమెకే తెలియాలి. మొదటి గ్లాసు భూషణానికిచ్చింది. గుమాస్తా సిమెంటు ఫ్యాక్టరీకి ఫోను తిప్పుతున్నాడు. పది గ్లాసులు. ఇరవై గ్లాసులు. అవతల ఎవరో ఫోనెత్తారు. గుమాస్తా ముఖం విప్పారింది. బట్టీ నిక్షేపంలా ఉంది, పేలింది క్వారీలో రోజూ పేల్చే మందే. హాల్లో ఒక్కసారిగా గోల, పాతరోజుల గోల. వెనక్కి తీసుకుంటున్నానంటే తీసుకుంటున్నానని అందరూ కేకలు. ఎందుకని ఎవరూ అడగలేదు.

హైమావతి ఆ కేకలేవీ వినలేదు. గది గుమ్మంలోకి వచ్చి మావయ్యనే చూస్తోంది. ముప్ఫై. ముప్ఫై ఐదు. నుదుటి మీద చెమట కారుతోంది ఆయనకి, గ్లాసులో నీళ్లు మాత్రం తొణకలేదు. నలభై. నలభై ఒకటి. నాగరత్తమ్మ ఆఖరి గ్లాసు నింపి, బిందె దించి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, "ఇక తాగండి బాబుగారూ" అంది.

ఆయన తాగాడు. గుక్క గుక్కగా, నిదానంగా. ఖాళీ గ్లాసు పక్కన పెట్టి మేనకోడలికేసి చూశాడు. ఏదో చెప్పబోయాడు, పెదాలు విచ్చుకున్నాయి. ఒక క్షణం అలాగే ఉండి, మూసుకున్నాడు.

ఆమె దగ్గరికి వచ్చి ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "ఏమనబోయావు మావయ్యా?"

"ఏం లేదమ్మడూ" అన్నాడు భూషణం.

ఏదో ఉంది. పక్క గదిలో కాగితం మీద అది గీతగా పడే ఉంటుంది, లేవబోయిందీ, ఆగిందీ, రెండూ. హైమావతి వెళ్లి ఆ కాగితం ముక్కని చింపి, చూడకుండానే నాలుగు మడతలు పెట్టి, ఆయన చొక్కా జేబులో పెట్టింది. ఆ జేబు మీద చెయ్యి ఆనించి, ఆయన భుజం మీద తల వాల్చి, అందరూ చూస్తుండగానే వెక్కి వెక్కి ఏడ్చింది.

"పిచ్చిపిల్ల" అన్నాడు భూషణం. ఈ మాట మాత్రం ఆయన ఆపుకోలేదు.